ఎడమవైపు నుంచి పెట్టిన పలక

నా పేరు లుసినేయా ప్రాతెస్. వయసు యాభై నాలుగు. ఉబా పట్టణంలో ఒటసీలియో గారి తలుపుల కార్ఖానాలో పందొమ్మిదేళ్లుగా వడ్రంగం చేస్తున్నాను. ఈ పోలీసు స్టేషన్‌లో మీరు ముందే టైపు చేసి పెట్టుకున్న కాగితం చదివాను. అందులో నా తోటి వడ్రంగి జెనేజియో తాగి పనిలోకి దిగాడని నేను చెప్పినట్టు ఉంది. నేను చెప్పలేదు. ఆ వాక్యం కొట్టేస్తేనే మిగతాది చెబుతాను.

(వాక్యం కొట్టివేయబడినది.)

జెనేజియో తాగలేదు. ప్రమాదం జరిగిన మంగళవారం పదకొండున్నరకు అందరం కలిసే తిన్నాం. అన్నం, చిక్కుడు గింజలు, బెండకాయలు వేసిన కోడికూర. అతను తాగింది కాఫీ. నిన్న సాయంత్రం ఒటసీలియో గారు మా ఇంటికొచ్చి, "తాగాడని ఒక్క మాట చెప్పు లుసినేయా, నీ బల్లకీ మచ్చ రాదు" అన్నారు. ఆ ఒక్క మాటతో కార్ఖానా చేతులు దులుపుకుంటుంది. మూడు వేళ్లు పోయినవాడికి చిల్లిగవ్వ పరిహారం రాదు. ఆయన్ని గుమ్మంలోంచే పంపించేశాను.

ఆ బల్ల నేను చేసిందే. రెండు ప్లైవుడ్ పలకలు అతికించి, నడుమ రంధ్రం కోసి, చెక్క అంచులు చెక్కడానికి చేత్తో పట్టుకుని నడిపే రూటర్ మిషన్‌ను కింద తలకిందులుగా బిగించాను. గిర్రున తిరుగుతూ చెక్కను కోసే బిట్టు ఒక్కటే పైకి వస్తుంది. వెనక అడ్డపట్టీ పెట్టి, మూలమట్టంతో సరిచూశాను. బిట్టు ఎత్తు పన్నెండు మిల్లీమీటర్లు. మిషన్ తలకిందులైతే పని దిక్కూ తిరగబడుతుంది. చేత్తో అయితే మిషన్‌ను ఎడమ నుంచి కుడికి నడుపుతాం. బల్ల మీద చెక్కను కుడి నుంచి ఎడమకు తోయాలి. ఎదురు తోస్తే బిట్టు చెక్కను గుంజుకుపోతుంది, వెంట చేతినీ గుంజుతుంది.

జెనేజియో ఇరవై రెండేళ్లు చేత్తో నడిపినవాడు. అతనంత నున్నగా అంచు తీసేవాడు ఉబాలో లేడు. పొగరూ అంతే.

ఆ ఉదయం ఏడూ పదికి ఒటసీలియో గారిని అడిగాను, అరగంట ఇస్తే పనికిరాని ముక్కల మీద అతనికి అలవాటు చేస్తానని. "ఏముందమ్మా అందులో? పట్టీకి ఆనించి తొయ్యడమే. మా పిల్లి కూడా తోస్తుంది. సాయంత్రానికి నాకు తలుపులు కావాలి" అన్నారు. ఆ పిల్లి చేతే తోయించుకోవలసింది.

అయినా నేనే వెళ్లి దిక్కు చెప్పబోయాను. జెనేజియో అందరి ముందూ నవ్వాడు.

"గబ్బిలంలా వేలాడదీశావేంటక్కా దీన్ని? ఇరవై రెండేళ్లు పట్టుకున్న మిషన్‌కి నువ్వా నాకు దారి చూపించేది? పోయి కొలతలు తీసుకో, పో."

ఐదుగురు నవ్వారు. ఐదుగురూ. నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతూనే ఉంది.

మధ్యాహ్నం ఒంటి గంటా ఇరవైకి అతను మొదటి తలుపు పలక తీసుకున్నాడు. ఎడమవైపు నుంచి పెట్టాడు. పలక చేతిలోంచి జారి కుడివైపు గోడకు కొట్టుకుంది. చెయ్యి బిట్టు మీదికి పోయింది. అతను కేకలు పెట్టలేదు. "అక్కా, ఆపు" అన్నాడు.

నేనెందుకు అరిచి హెచ్చరించలేదని అడుగుతున్నారు. తిరిగే బిట్టు ముందున్నవాణ్ణి పిలవకూడదు, ఉలిక్కిపడతాడు. మా కార్ఖానాలో అందరూ పాటించే మాట అది. ఒటసీలియో గారి తప్పు ఒటసీలియో గారిదే, అది అలాగే రాయండి. కానీ ఇది కూడా రాయండి. ఆ బల్ల కరెంటు తీగ నా బెంచీ పక్కన బోర్డులోకే వస్తుంది. స్విచ్చు నా ఎడమ చేతికి జానెడు దూరం. పలక ఎడమవైపు పెట్టడం చూశాను. నాలుగు అంకెలు లెక్కపెట్టేంత సమయం ఉంది. పలక ఎగిరి గోడకు కొట్టుకోవాలి, ఆ ఐదుగురూ వాణ్ణి చూసి నవ్వాలి అనుకున్నాను. వేళ్ల సంగతి తోచలేదు. చెయ్యి చాపలేదు. అతను ఆపమన్నాకే ఆపాను.

పై మాటలు నాకు చదివి వినిపించారు. చివరి మాటలు తీసేయమంటావా అని రెండుసార్లు అడిగారు. వద్దన్నాను. ఎవరి బలవంతమూ లేదు, అంతా నిజం.

(సంతకం) లుసినేయా ప్రాతెస్
గురువారం, ఉదయం 10.25, ఉబా పోలీసు స్టేషన్