గీకాల్సిన ముఖం

ఆగ్స్‌బర్గ్‌లో రాగిరేకుల మీద బొమ్మలు చెక్కి అచ్చువేసే ఫైట్ దుకాణం. గెలిచిన సేనాపతి బొమ్మ ఆ గెలుపు వేడిలోనే అమ్మాలి. అతని ముఖం ఎవరూ చూసి ఉండరు, ఎవరూ అడగరు కూడా. ఫైట్ భార్య ఆఫ్రా అచ్చుబొమ్మలకు రంగులద్దుతోంది.

“మళ్లీ ఆ రేకే తీశావా?”

“ఇంకోటి ఎక్కడుంది ఆఫ్రా? రాగంతా సైన్యాలు ఊడ్చుకుపోయాయి. దీనికి గుర్రం ఉంది, కవచం ఉంది. ముఖం గీకేస్తే చాలు.”

“చాలా?”

“ట్రాబాఖ్ ఓడిపోయాడు. ఓడినవాడి బొమ్మ ఎవడు కొంటాడు? అందరూ వాణ్ణి ఓడించిన రేలిన్ కావాలంటున్నారు.”

“రేలిన్‌ని నువ్వు చూశావా?”

“ట్రాబాఖ్‌ని మాత్రం చూశానా?”

“చూళ్లేదు. అందుకేగా మన అబ్బాయి సెబాల్డ్‌ని కూర్చోబెట్టి వాడి ముఖం చెక్కావు. కదలకురా, గడ్డం ఎత్తరా అని...”

“ఊఁ.”

“నవ్వు ఆపుకోలేకపోయాడు వెధవ. ఆ మూతివంపు అలాగే దింపేశావు.”

“సూప్ చల్లారిపోతోంది.”

“చల్లారనీ. ఆ బొమ్మ చూసుకుని మురిసిపోయేగా ట్రాబాఖ్ సైన్యంలో చేరాడు.”

“నేను చేరమన్నానా?”

“నేనన్నానా నువ్వు చేరమన్నావని?”

“గీకుడుకత్తి ఇటివ్వు.”

“వాడి ముఖం మనకి ఇంకెక్కడుంది? చెప్పు. అందరితో కలిపి గోతిలో పూడ్చారు. ఒక శిలువైనా లేదు.”

“ఒక అచ్చు తీసి దాచుకుందాంలే.”

“కాగితం మీద ఏం తగులుతుంది? రేకు తుడుస్తుంటే ఆ మూతి నా వేలికి తగులుతుందయ్యా.”

“అలా అంటే నేనేం చెయ్యను? అడిగేది రేలిన్‌నే కదా.”

“రేలిన్ ముఖం ఈ ఊళ్లో ఎవరికైనా తెలుసా?”

“ఎవరికి తెలుస్తుంది? అవతలి పక్షంవాడు.”

“అయితే ముఖం ఉండనీ. కింద పేరు మార్చు.”

“పేరా? పాత పేర్లు గీకి గీకి అక్కడ రాగి అరిగిపోయింది. ఇంకొక్క పేరే పడుతుంది. ఆపైన గీకితే చిల్లే. రేపు వీడూ ఓడితే రేకు కరిగించాల్సిందే.”

“అయితే వీడు ఓడకూడదు.”

“ఆఫ్రా! ఎవడి గురించి మాట్లాడుతున్నావో తెలుస్తోందా? ఆ రేలిన్ ఫిరంగులే కదా మనవాణ్ణి...”

“తెలుసు. ఆదివారం చర్చిలో వాడే గెలవాలని మొక్కుకుంటా. నువ్వు చెక్కు.”