ఆరు బొమ్మలూ, అమ్మ బొమ్మా

నకిలీనా? ఇంకోసారి చదవండి సార్, నా చెవులకేమైనా అయిందేమో! మా నాన్న మా అమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని వేసిన బొమ్మ నకిలీనా? పదకొండు రోజులు కదలకుండా కూర్చుని అమ్మకి మెడ పట్టేసింది. నూనె రాసింది నేను!

వద్దు, కూర్చోను. నిలబడే మాట్లాడతాను.

మీ మ్యూజియం వాళ్ళే కదా మా ఇంటికొచ్చింది? నాన్నగారి పేరుతో ఒక గది తెరుస్తున్నాం, ఇంట్లో బొమ్మలేమైనా మిగిలితే ఇవ్వండమ్మా అన్నారు. ఇచ్చాను. పైసా అడిగానా? గది మధ్యలో అమ్మ ఉండాలన్నాను, అంతే. దాన్ని తీసుకొచ్చి మీ ల్యాబుకిచ్చారు. మీరేమో గోరంత పెచ్చు గీకి, మిషన్లో పెట్టి, నెల తిరిగాక ఈ కాగితం నా చేతిలో పెట్టారు. "ఆయన వేసినది కాదు. కుటుంబ సభ్యులెవరో అనుకరించి ఉండవచ్చు." కుటుంబమంటే ఎవరు సార్? మిగిలింది నేనొక్కదాన్నేగా! దొంగ అని మొహం మీదే అనెయ్యొచ్చుగా.

ఆఁ, ఆఁ, విన్నాను. పొద్దుట్నించీ అదే చెప్తున్నారు. మ్యూజియంలో ఉన్న ఆరు బొమ్మల్లోనూ రంగుల అడుగున ఒక తెల్లపొర ఉంది. గోడలకి కొట్టే తెల్లరంగు. అమ్మ బొమ్మ అడుగున అది లేదు, సుద్దా జిగురూ ఉన్నాయి. కాబట్టి ఇది ఆయనది కాదు. గోడరంగు మీద బొమ్మ వెయ్యడం ఆయన సొంత పద్ధతని పుస్తకంలో కూడా అచ్చేసుకున్నారు.

సొంత పద్ధతట! గోడరంగు డబ్బా తన గదిలోకి తెస్తే ఒంటికాలి మీద లేచేవారు సార్ ఆయన. సుద్ద నూరి, జిగురు కాచి, గుడ్డకి మూడు పూతలు పూస్తేగానీ కుంచె ముట్టేవారు కాదు.

ఏమిటీ? మరి ఆ ఆరింటికీ గోడరంగు ఎలా వచ్చిందంటారా?

ఆ తలుపు కాస్త దగ్గరగా వేస్తారా.

చివరి నాలుగేళ్ళూ నాన్నకి చెయ్యి వణికేది. కాఫీ కప్పు నోటిదాకా వచ్చేలోపు సగం ఒలికిపోయేది. అప్పటికే మీవాళ్ళు ఆరు బొమ్మలు కావాలని అడిగి ఉన్నారు. చేతకాదని చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. నా పక్కన కుర్చీ వేసుకుని, "నీడ అక్కడ కాదే, ఇంకాస్త కిందికి" అంటూ ఉండేవారు. సంతకం మాత్రం ఆయనదే. నేను మణికట్టు గట్టిగా పట్టుకుంటే పెట్టారు. ఆయన చేతుల మీదుగానే మీవాళ్ళు పట్టుకెళ్ళారు. ఇంక అనుమానం ఎందుకొస్తుంది?

గుడ్డ సిద్ధం చేసేది వెనక గదిలో. జిగురు కాస్తే ఆ కంపుకి నాకు కడుపులో తిప్పేది. గోడలకి కొట్టగా మిగిలిన డబ్బా కనపడింది, పూసేశాను. పైన రంగులు పడ్డాక ఆయనకేం తెలుస్తుంది? మీరు ఆయన పద్ధతి అంటున్నది నా బద్ధకం సార్!

ఎవరికీ చెప్పొద్దని నాన్న ఒట్టేయించుకున్నారు. ఇరవై ఏళ్ళు నోరు కుట్టుకుని బతికాను. ఇప్పుడు చెప్తే ఆ ఆరూ దించేస్తారు, ఊరంతా నాన్నని తలుచుకుని నవ్వుతుంది. చెప్పకపోతే, అమ్ముడుపోయినవి పోగా ఆయన తన చేత్తో వేసినవాటిలో మిగిలిన ఆ ఒక్కటీ దొంగబొమ్మవుతుంది. ఏం చెయ్యమంటారు నన్ను?

అలా చూడకండి. నేనేం ఏడవడం లేదు.

ఇంకో మాట కూడా ఉంది. కాగితం కింద మీ నిపుణుడెవరో రెండు ముక్కలు రాశాడు చూడండి. "ఆ ఆరింటిలో ఉన్న చెయ్యి ఇందులో లేదు, ఇది ఇంకా నేర్చుకుంటున్న వాళ్ళ పని" అని. అది చదవగానే కోపం రాలేదు సార్ నాకు. కోపం తర్వాతొచ్చింది. ముందు సంతోషం వేసింది! పెదవి కొరుక్కుని ఆపుకున్నాను. అన్నేళ్ళు పక్కన కూర్చున్నా, బాగుందే అని నాన్న ఒక్కసారి అనలేదు.

అమ్మ బొమ్మ కోసమే నోరు విప్పాననుకున్నాను ఇందాకటిదాకా. ఏమో. రాసుకోండి సార్, ఆరూ నేను వేసినవే.