ఎలకలకు రాని చక్కెర జబ్బు

ప్రయోగశాలలో ఎలకల గది బయట బల్ల మీద, ముఖానికున్న ముసుగు విప్పుకుంటూ కూలబడింది అక్క. ఆమె పక్కన, ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చిన తమ్ముడు.

“ఎలకలు ఎలా ఉన్నాయక్కా?”

“ఎలా ఉంటాయి, ఎలకల్లానే ఉన్నాయి. నేనే మనిషిలా లేను. నీ పెద్దకూతురికెలా ఉంది?”

“కళ్ళు తెరిచింది. ఇన్సులిన్ ఎక్కువై చక్కెర పడిపోయిందట. వాళ్ళమ్మ దగ్గరుంది. అది సరే, నీ ఎలకల్లో ఒక్కదానికీ చక్కెర జబ్బు రాలేదటగా?”

“ఎవడు చెప్పాడు?”

“మీ వాచ్‌మన్.”

“వాడి నోట్లో నువ్వుగింజ నానదు. రాలేదు. పెరిగేకొద్దీ ఆ జబ్బు వచ్చే జాతి, అయినా రాలేదు.”

“అయితే మందు పనిచేసింది!”

“ఈ జబ్బులో కంచే చేను మేస్తుందిరా. ఒంటిని కాయాల్సిన కణాలే ఇన్సులిన్ చేసే కణాల్ని తినేస్తాయి. మా మందు ఆ కంచెనే పడుకోబెట్టింది.”

“చేను మిగిలిందిగా!”

“మిగిలింది. ఊళ్ళో గొడ్లన్నీ వచ్చి పడ్డాయి.”

“చిన్నదానికి ఇంకా జబ్బు రాలేదక్కా. రక్తంలో ఆ ఛాయలున్నాయన్నారంతే. ఇప్పుడే ఆ మందు వేస్తే...”

“ఎలక మీద కోపంతో ఇల్లు తగలబెట్టినట్టుంటుంది.”

“సామెతలొద్దు. మందు కావాలి.”

“మందా? సందు చివర దొరుకుతుంది పో.”

“నవ్వే ఓపిక లేదక్కా.”

“నాకూ లేదు. నవ్వించే ఓపికే మిగిలింది. విను. మొన్న మా కుర్రడాక్టరు జలుబుతో లోపలికెళ్ళి ఒక్క తుమ్ము తుమ్మాడు. తుమ్మితే ఊడే ముక్కులు కదా, వారం తిరక్కుండా బోను బోనంతా ఖాళీ. చక్కెరా లేదు, ప్రాణమూ లేదు.”

“అందుకేగా గాలి వడగట్టి పంపిస్తారు? తిండి కూడా...”

“ఆఁ, కాచే పెడతాం.”

“పక్కగుడ్డలు?”

“అవీ ఆవిరిలో ఉడికినవే. వట్టి చేత్తో ఎవరూ ముట్టుకోకూడదు. ఏంట్రా, ఉద్యోగంలో చేరతావా?”

“ఊరికే. కిటికీ ఉండకూడదు, కదూ?”

“ఎలకలకి కిటికీ ఎందుకురా, పెళ్ళిచూపులకా?”

“అలా పెంచితే బతుకుతాయి. అవునా కాదా?”

“బతుకుతాయి. అయితే? ఐదేళ్ళ పిల్లని అలా పెంచుతావా? బడి వద్దు, అక్క వద్దు, అమ్మ ముద్దూ వద్దు...”

“అలవాటు చేస్తే అదే అలవాటవుతుంది.”

“నేనివ్వనురా. మనుషులకి వేసే మందు కాదింకా అది. ఇంటికెళ్ళు. చిన్నదాన్ని పక్కలో వేసుకుని కాసేపు పడుకో.”

“పక్కలోనా?”

“ఏం? అది కూడా ఆసుపత్రిలోనే ఉందా?”

“ఆసుపత్రిలోనా? అక్కడన్నీ క్రిములే!”

“పక్కింట్లో ఉంచావా?”

“వాళ్ళింటిల్లిపాదికీ దగ్గు.”

“మరి ఎవరి దగ్గర వదిలొచ్చావురా?”

“దాని గదిలోనే ఉందక్కా. కాచిన నీళ్ళు పెట్టాను. దుప్పట్లు ఉడకబెట్టాను. కిటికీ సందులన్నీ టేపుతో మూసేశాను...”

“ఒరే, దానికి తోడు ఎవరున్నార్రా?”

“మందు మొదలుపెట్టేలోపు అలవాటు పడాలిగా అక్కా... తాళం వేసే వచ్చాను.”