ఫ్రేముల దుకాణం పైగది చిరునామా

ఇన్‌స్పెక్టర్ మేడమ్ గారు అడగగా, రైటర్ గారు టైపు చేస్తుండగా, నా నోటితో నేను చెప్పినది.

నాకు నలభై ఎనిమిదేళ్లు. ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. పెళ్లికి ముందు నుంచీ అదే పని. దానికి తోడు ఫోన్ల గురించి, కంప్యూటర్ల గురించి సొంతంగా ఒక బ్లాగు రాస్తాను. అక్కడ నా మారుపేరు ఫోనక్క. కోపం వచ్చినప్పుడు మా ఆయన కూడా నన్ను అలాగే పిలుస్తాడు. ఆయనకు ఈ స్టేషనుకు ఎదురు వీధిలో ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం ఉంది. నిన్న పగలగొట్టింది ఆ దుకాణం పైగది తలుపునే.

ముందు బ్లాగు సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది తలా తోకా లేకుండా ఉంటుంది. ఫోను ఊరికే వేడెక్కుతోందనీ, ఫొటోలు పోయాయనీ, పిల్లలు ఏదో నొక్కేశారనీ జనం వచ్చి అడుగుతారు. నాకు తెలిసింది నేను చెబుతాను, తెలియనిది పాఠకుల్లో ఎవరో ఒకరు చెబుతారు. ఎవరూ అసలు పేరు పెట్టనక్కర్లేదు. ఒక్కటే నియమం, ప్రశ్నతో పాటు ఫోను తెర బొమ్మ, అంటే స్క్రీన్‌షాట్, కూడా పంపాలి. బొమ్మ లేకపోతే జవాబు లేదు. రోగి వచ్చి ఇక్కడ నొప్పి అంటే సరిపోదు, పడుకోబెట్టి ఫిల్ము తీస్తేగానీ నేను నమ్మను. ఆ అలవాటే బ్లాగుకూ వచ్చింది. బొమ్మల్లో జనం తాము చూపించాలనుకున్నది మాత్రమే చూపిస్తున్నామనుకుంటారు. మూలల్లో ఉన్నవి వాళ్లు చూడరు. నేను మూలలు చూస్తాను.

నాకు అనుమానం ఎక్కువ, దాచను. "నీళ్ల పంపు కారితే కూడా ఎవరు తిప్పారని అడుగుతావు" అంటాడు మా ఆయన.

గత నెలలో ఒక అమ్మాయి ప్రశ్న పంపింది. ఆమె మారుపేరు ఇక్కడ చెప్పను, అమ్మాయి అనే అంటాను. "అక్కా, నా ఫోను పక్కన పడేసినా వేడిగానే ఉంటోంది. నేను ఎక్కడికి వెళ్లినా, తిరిగొచ్చేసరికి మా ఆయన ఎక్కడికెళ్లానో చెప్పేస్తున్నాడు. మొన్న బస్సు మారి వెళ్తే అది కూడా చెప్పాడు. ఫోన్లో ఏమన్నా ఉందా?" అని రాసింది. తెర బొమ్మ పెట్టింది. నేను ఆ ప్రశ్నను అందరికీ కనబడకుండా పక్కన పెట్టి, ఆమెకు విడిగా సందేశం పంపాను. ఏ పేరుతో ఏ యాప్ దాక్కుంటుందో చెప్పి వెతకమన్నాను. దొరికింది. తీసెయ్యనా అని అడిగింది. వద్దన్నాను. తీసేస్తే అవతలివాడికి వెంటనే తెలిసిపోతుంది. ఇంకెప్పుడూ ఆ ఫోను నుంచి నాకు రాయొద్దని, ఆఫీసు కంప్యూటరు నుంచి రాయమని చెప్పాను. ఎప్పుడైనా ఇల్లు వదిలి వెళ్లాల్సి వస్తే ఆ ఫోనును ఇంట్లోనే వదిలెయ్యమని కూడా చెప్పాను. "అది నీ ఫోను కాదమ్మా, ఆయన కన్ను" అన్నాను.

ఆ తర్వాత ఆమె రాసినవన్నీ ఆఫీసు కంప్యూటరు నుంచే వచ్చాయి. సందేశం ఎలాంటి యంత్రం నుంచి వచ్చిందో బ్లాగు నాకు దాని కిందే చూపిస్తుంది. ఆ సంగతి పాఠకులకు తెలియదు. పోయిన శుక్రవారం ఆమె రాసిన ఆఖరి సందేశం ఇది: "ఫోను వంటింట్లో చార్జింగుకి పెట్టి వచ్చేశానక్కా. ఇంక దాని మొహం చూడను." ఎక్కడికి వెళ్తోందో నేను అడగలేదు. అడగకూడదనే అడగలేదు.

ఆదివారం ఉదయం "మంచి కొడుకు" అనే మారుపేరుతో ఒక కొత్త మనిషి బ్లాగులోకి వచ్చాడు. వాళ్లమ్మకు మతిమరుపట. దారి తప్పుతుందని ఆమె ఫోనులో కనిపెట్టే యాప్ పెట్టాడట. "రెండ్రోజులుగా ఫోను ఇంట్లోనే ఉంది, అమ్మ మాత్రం లేదు. ఆమె ఎక్కడుందో తెలుసుకునే దారి చెప్పండి, మీకు దణ్ణం పెడతాను" అని రాశాడు. పాఠకులు అయ్యో పాపం అంటూ ఎగబడ్డారు. వాళ్లను తప్పు పట్టను, నా గుండె కూడా ఒక్క క్షణం కరిగింది. తర్వాత ఆలోచించాను. కన్నతల్లి రెండు రోజులుగా కనబడకపోతే మనిషి స్టేషనుకు పరుగెత్తుతాడు, ఫోన్ల బ్లాగుకు వస్తాడా? తల్లి ఏం చీర కట్టుకుందో, ఎలా ఉంటుందో ఒక్క ముక్క రాయలేదు. ఫోను గురించే రాశాడు.

అప్పుడు అతను పెట్టిన బొమ్మ మూల చూశాను. అతని ఇంటి వైఫై పేరు "ముట్టుకోవద్దు". ఆ పేరు నేను అంతకు ముందు ఒక్కసారే చూశాను, ఆ అమ్మాయి పంపిన బొమ్మలో. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను, ఈ మంచి కొడుకు ఆ అమ్మాయి మొగుడే.

ఈలోపే మా పాఠకుడు కేబుల్ బాబాయి అతనికి జవాబు పెట్టేశాడు. ఈయన ఒకప్పుడు ఇంటింటికీ టీవీ కేబుళ్లు లాగేవాడు. ఎవరేమడిగినా నాకంటే ముందు ఉంటాడు. అమ్మగారి మెయిలు వేరే చోట తెరిస్తే ఆ ఊరి పేరు ఎక్కడ కనబడుతుందో పూసగుచ్చినట్టు రాశాడు. నేను ఆ జవాబు తీసేశాను. ఆ మనిషి చదివాడో లేదో తెలియదు. కాసేపటికి బాబాయి నాకు రాశాడు: "నేను తప్పేం రాశానక్కా? ముసలావిడ ఎక్కడ తిరుగుతోందో ఏమో, నీకేమన్నా మనసుందా?" నిజం చెప్పాలంటే బాబాయిని కూడా అనుమానించాను. బాబాయీ, మంచి కొడుకూ ఒకడేనేమో అనుకున్నాను. కాదని ఇప్పుడు తెలిసింది, కాని ఆ రోజంతా తెలియదు.

సోమవారం సాయంత్రం నేను డ్యూటీ దిగే వేళకు అమ్మాయి పేరుతో సందేశం వచ్చింది. "అక్కా, నేను క్షేమం. ఉండడానికి చోటు దొరకలేదు. మీకు తెలిసిన చోటు ఉంటే చిరునామా పంపండి. ఎవరికీ చెప్పకండి." కింద చూశాను. ఆఫీసు కంప్యూటరు కాదు. ఆమె మొదటి ప్రశ్న పంపిన ఫోను, వంటింట్లో వదిలేసిన ఫోను.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఆలోచించాను. ఆమె తిరిగి ఆ ఇంటికి వెళ్లి ఉండవచ్చు, పక్కన కూర్చుని అతనే రాయిస్తూ ఉండవచ్చు. లేదా ఆమె ఎక్కడో క్షేమంగా ఉండి, అతనే ఆమె పేరుతో వల వేస్తూ ఉండవచ్చు. మొదటిదైతే ఆమె ప్రాణం మీదికి వచ్చినట్టే. రెండోదైతే అతనికి ఇంకా ఆచూకీ తెలియనట్టు. ఏదో తేల్చుకోకుండా నాకు అన్నం దిగదు. ఆమె ఎక్కడుందో తెలిసినవాడు ఇంకో చిరునామా వెంట పడడు. అందుకని ఒక చిరునామా పంపాను. మా ఆయన దుకాణం పైగది. నిజంగా ఆమే అయితే మా ఆయన కంటికి కనబడుతుంది, కింద నీడపట్టున కూర్చోబెడతాడు. అతనే అయితే, ఎదురుగా స్టేషను ఉంది కదా, తలుపు తట్టి చూసి పోతాడు, అంతకు మించి సాహసించడు అనుకున్నాను. అక్కడే నా తెలివి తెల్లారింది.

మా ఆయనకు చెప్పలేదు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. చెబితే వీధి మొత్తానికి తెలుస్తుందనుకున్నాను. చెప్పి ఉండాల్సింది. దానికి సిగ్గుపడుతున్నాను.

నిన్న, మంగళవారం, పొద్దున పదకొండు దాటాక ఆ అమ్మాయి భర్త ఇంకో ఇద్దరితో దుకాణానికి వచ్చాడు. ఇది మా ఆయన చెప్పగా నాకు తెలిసినది. "పైన ఎవరున్నారు?" అని అడిగాడట. "అద్దాలు ఉన్నాయి బాబూ, జాగ్రత్త, కోసుకుంటాయి" అన్నాడట మా ఆయన. అతను మెట్లెక్కాడు. మా ఆయన అడ్డం వెళితే తోశారు. ఆయన నాలుగు మెట్లు దొర్లి కుడి చేతి మీద పడ్డాడు. వాళ్లు తలుపు తన్ని పగలగొట్టారు. గదిలో అద్దపు పలకలు, బొమ్మలు లేని ఖాళీ ఫ్రేములు తప్ప ఏమీ లేవు. అతను ఆమెను పేరు పెట్టి పిలుస్తూ, గోడకు ఆనించిన ఒక్కో ఫ్రేమునూ తిప్పి చూశాడట. ఫ్రేము వెనక మనిషి దాక్కుంటుందా మేడమ్? ఆ మాట విన్నప్పటి నుంచి ఆ ఇంట్లో ఆమె ఎలా బతికిందా అన్నదే నా బుర్రలో తిరుగుతోంది.

చప్పుడు విని మీ కానిస్టేబుళ్లు వచ్చారు. మా ఆయనను ఆసుపత్రికి తెచ్చారు. ఆ వేళకు డ్యూటీలో ఉన్నది నేనే. చెయ్యి పలక మీద పెట్టి, కదపకండి అన్నాను. రోజుకు ఎంతోమందికి చెప్పే మాటే. మణికట్టు దగ్గర ఎముక చిట్లింది. ఫిల్ము చూపిస్తే ఆయన, "నీ బ్లాగుకి ఇంకో బొమ్మ దొరికింది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఏడుపు వచ్చింది.

నేనే మాయమాటలు చెప్పి తన భార్యను దాచానని, ఆమె ఆ దుకాణం మెట్లు ఎక్కుతుంటే దారిన పోయేవాళ్లు చూసి తనకు చెప్పారని అతను స్టేషనులో అన్నట్టు మేడమ్ చెప్పారు. దానికి నా జవాబు ఇది. ఆ అమ్మాయి ఆ మెట్లు ఎప్పుడూ ఎక్కలేదు. ఆమెకూ ఆ గదికీ సంబంధం ఉందని లోకంలో ఎవరికీ తెలియదు, ఎందుకంటే సంబంధం లేదు. ఆ చిరునామా సోమవారం సాయంత్రం నేను ఒక్క సందేశంలో, ఒక్క ఫోనుకు పంపాను. మా ఆయనకు కూడా తెలియదు. మరి ఇతనికి ఎలా తెలిసింది? ఆ ఫోను ఎవరి జేబులో ఉందో అడగండి. దారిన పోయేవాళ్లు ఎవరో కూడా అడగండి.

ఆ సందేశాలను మేడమ్ ఎదుట నా ఫోనులో తెరిచి చూపించాను. బ్లాగు పాస్‌వర్డు అడిగితే ఇవ్వలేదు. మిగతా పాఠకులవి కూడా అందులో ఉన్నాయి.

"మీరు అందర్నీ ఇలాగే అనుమానిస్తారా?" అని మేడమ్ అడిగారు.

"మిమ్మల్ని కూడా మేడమ్" అన్నాను. నేను లోపలికి వస్తుంటే అతను బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఒక కానిస్టేబులు అతనికి నీళ్లు ఇస్తూ "తీసుకోండి సార్" అన్నాడు. మా ఆయనకు కట్టు కట్టిన చేతితో గోడ పక్కన నిలబడడమే దక్కింది. ఎవరికైనా దాహం వేస్తే నీళ్లు ఇవ్వాల్సిందే. కాని ఆ సార్ అన్న మాట నా చెవిలో ఉంది.

ఆ అమ్మాయి క్షేమమేనా, నాకెలా తెలుసు అని మేడమ్ అడిగారు. ఈ ఉదయం తెలిసినదాన్ని బట్టి, ఆమె ఉన్న చోటుతో సహా ఒక్క వాక్యంలో జవాబు చెప్పాను. రైటర్ గారు టైపు చేశారు. ఈ కాగితాలు ఎవరెవరికి వెళతాయని అప్పుడు అడిగాను. "కోర్టుకి వెళ్తుందమ్మా. నకలు అవతలి లాయరుకీ ఇస్తారు" అన్నారు రైటర్ గారు. ఆ వాక్యం తీసేయమన్నాను. తీసేశారు. యంత్రంలో తీసేసింది ఎక్కడికీ పోదు, దాని పాత ప్రతి ఏదో మూల ఉంటుందని, ఇంకో యంత్రం మీద మొదటి నుంచి కొట్టమని అడిగాను. "అమ్మా, నా వేళ్లు మీ ఆయన చెయ్యిలాగే అవుతాయి" అన్నారు రైటర్ గారు. మేడమ్ మాత్రం, "పక్క గదిలో కంప్యూటర్ తెరవండి, మళ్లీ కొట్టండి" అన్నారు. అందువల్ల ఇది రెండోసారి కొట్టిన ప్రతి. మొదటిది నా కళ్ల ముందే పూర్తిగా తుడిపించారు. తుడిచారనే నమ్ముతున్నాను, నమ్మక తప్పదు కాబట్టి.

పైన ఉన్నదంతా ఎవరి బలవంతం లేకుండా చెప్పాను. చదివి వినిపించారు, నేను చెప్పింది చెప్పినట్టే ఉంది. ఇందులో లేని ఆ ఒక్క వాక్యం కూడా నిజమే. అది మేడమ్ గారికి, ఇది కొడుతున్న రైటర్ గారికి, నాకు తెలుసు. నాలుగో మనిషికి తెలియదు. ఆ అమ్మాయి ఉన్న చోటికి అతను ఎప్పుడైనా వెళితే, దయచేసి ముందు మా ముగ్గురినీ పిలిచి అడగవలెనని కోరుతూ సంతకం చేస్తున్నాను.

(సంతకం)