సోమి రాయి

ఆ బంతిపూలు గుచ్చుడు జర ఆపు, నందే అవ్వా. నేనొచ్చి ఇంతసేపైంది, తలెత్తుతలేవు. నేనొచ్చింది పూలు చూసేతందుకు గాదు.

రేపు సోమి యాదికి పెట్టిన ఆ రాయి మీది బట్ట తీసేది పెద్ద సాబ్, దండేసేది నువ్వంట. సోమి బిడ్డకు బిడ్డవి గదా మరి! ఊరంతా అదే ముచ్చట.

కూసుంట, కూసుంట. నీళ్ళొద్దు.

ఈ పంచాయితీకి పదకొండేండ్లసంది సచివ్‌ను నేను, రాతకోతలన్ని నాయే. ఈ సీతారాములు రాసిన కాయితం మీద ఎన్నడన్న మాటొచ్చిందా? రాలే. ఈ ఒక్క కాయితమే, అవ్వా... ఎట్ల చెప్పాలె నీకు!

తెల్లోళ్ళ మీద కొట్లాడి పేరు రానోళ్ళ లిస్టు పంపమని జిల్లా ఆఫీసుకెళ్ళి చిట్ఠీ వచ్చింది. నీ దగ్గరికే గదా వస్తిని? మూడు రోజులు చెప్తివి. సగం మీ దోర్లి బాసల, సగం తెలుగుల. నేను హిందీల రాసుకుంటి. అడివి సర్కారుదైందని, కట్టె కొడితే కొరడా దెబ్బలని చెప్తివి. అందరు లేవాలె అన్న కబురుకు గుర్తుగ మామిడికొమ్మకు మిరపకాయలు కట్టి, ఇప్పపూల గంపల దాచి, సోమి ఊరూరు మోసిందని చెప్తివి. పదిహేడు ఊర్లు! ఒక్క ఆడమనిషి! అటెనక సోమి ముందు నడువంగ సర్కారు జంగిల్ చౌకీ కాలబెట్టిరి. సిపాయిలొస్తే వాగు అవతలి గుట్టల దాక్కుంది.

అప్పటికి మీ అమ్మ ఆరేండ్ల పిల్ల. తల్లిని జుట్టు పట్టి గుట్ట దింపుతుంటే కండ్లార చూసింది. జగదల్‌పూర్ జైలుకు పోయిన సోమి మళ్ళ రాలే.

ఆ గుట్ట సిపాయిలకు చూపించిందెవరు? నోటితోని అనకు, నాకు ఎరుకే. సోమి మొగుడు మంగల్. మీ అమ్మ బతికినన్ని దినాలు ఆయన్ను అయ్యా అని పిలవలేదని గూడ నువ్వే చెప్తివి.

అన్నీ రాసిన అవ్వా. ఒట్టు. ఫైలు ఎనక్కొచ్చింది. సబూత్ కావాలంట, రుజువు! సోమికి కాయితముంటదా? యాడికెళ్ళి తెద్దును? రెండోసారి పోతే దస్కత్ లేదన్నరు. మూడోసారి ఫారమే మారిందన్నరు. జిల్లా ఆఫీసుకు పోను ఒక పొద్దు, రాను ఒక పొద్దు. ఆ రోడ్డు సంగతి నీకు తెల్వదా?

నాలుగోసారి పాసైంది. నువ్వు సంబురంతోని ఇప్పపూల లడ్డు చేసి పెడితివి. నేను సిగ్గులేక తిన్న.

నిన్న రాయి దింపిరి. బట్ట లేపి నేనొక్కణ్ణే చూసిన. నీకు చదువు రాదు. దండేసి, మొక్కి ఇంటికొస్తవు, ఎన్నటికీ తెల్వదు నీకు. రాత్రంత అదే... అవ్వా, ఆ రాయి మీదున్న పేరు సోమిది గాదు. మంగల్‌ది.

అట్ల చూడకు! ఆడిది చౌకీ కాలబెట్టిందంటే ఎవడు నమ్ముతడన్నడు అక్కడి సాబ్. మొగోని పేరు రాయమన్నడు. నేనేం జేద్దును? చిన్న నౌకరోణ్ణి.

ఏంది, లేస్తున్నవేంది? ఏ సాబా? పేరేందంటవా? పోయి నువ్వే అడుగుతవా, ఈ మోకాళ్ళతోని?

కూసో అవ్వా. నీ కాళ్ళు మొక్కుత, కూసో. ఆయన్ను అడిగేదేం లేదు.

ఏ సాబ్ అనలే. ఎవ్వడు అనలే. కొత్త ఫారం పట్టుకొని బస్టాండుల కూసున్న. ఆడమనిషి పేరు జూస్తే మళ్ళ తిప్పుతరేమోనని నాకే అనిపించింది. కింద భర్త పేరని ఇంకో గడి ఉండె. ఆ గడిల రాసేది పైన, కొట్లాడినోళ్ళ పేరు గడిల రాసిన. తెలిసి తెలిసి రాసిన. మంగల్ ఏం జేసిండో మరిచిపోయి గాదు.

మళ్ళొకసారి అంతదూరం పోబుద్ధి కాలే నాకు. గంతే.