ఉషారాణి గారి ఇత్తడి బిళ్ల

1989 జూన్ 12, సోమవారం. శ్రీమతి ఉషారాణి గారు మేళ్లచెరువు సమీపంలోని ఒక సిమెంటు కర్మాగారంలో, టైమ్ ఆఫీసు గుమాస్తాగా బాధ్యతలు స్వీకరించిన శుభదినం. గేటు పక్కన ఒక చెక్కపలక, దాని నిండా మేకులు, మేకుకొక నంబరు వేసిన ఇత్తడి బిళ్ల. లోపలికి వెళ్లే కార్మికుడు తన బిళ్ల వెంట తీసుకువెళ్లాలి, బయటికి వచ్చేటప్పుడు తిరిగి తగిలించాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. ఆ పలకను వారు ముప్పై ఏళ్లు కనిపెట్టుకుని ఉన్నారు.

1996లో ఒక మధ్యాహ్నం షిఫ్టు ముగిసినా 214వ మేకు ఖాళీగానే ఉంది. బిళ్లను జేబులో మరచి ఇంటికి పోయి ఉంటాడులే అనుకుని ఉషారాణి గారు రిజిస్టరు మూసేశారు. సాయంత్రానికి ఆ కార్మికుడి భార్య తారా గేటు దగ్గరికి వచ్చింది.

"మేడమ్, మా ఆయన ఇంక ఇంటికి రాలే. జర సూడుర్రి."

లోపల వెతికిస్తే, బస్తాలు మీద కూలి, కాలు విరిగి, గోదాం మూలన పడి ఉన్నాడు ఆమె భర్త గేమ్యా. దవాఖానకు తీసుకుపోతుంటే ఉషారాణి గారి వైపు చూసి ఒకటే మాట అన్నాడు.

"నువ్వన్న అడుగుతవనుకున్న మేడమ్."

ఆయన కాలు నయమైంది. ఆ మాట చేసిన గాయం మాత్రం ఉషారాణి గారికి మానలేదు. నాటి నుండి ఖాళీ మేకు తాలూకు మనిషి ముఖం చూడనిదే వారు రిజిస్టరు మూయలేదు.

2019 జూలైలో సూర్యాపేటలోని మన వీడియో గేముల కంపెనీకి ఆఫీసు మేనేజరుగా విచ్చేశారు. రెండేళ్ల క్రితం మన జలాంతర్గామి ఆట విడుదలకు నెల రోజులే ఉందనగా డిజైనరు కార్తీక్ దిగులుపడ్డాడు. నీళ్లు లోపలికి వస్తే ఆటగాళ్లు తలుపు బిగించి, అక్కడి సిబ్బందిని వదిలేసి, నిశ్చింతగా ముందుకు పోతున్నారు. ఒకనాడు భోజన విరామంలో ఉషారాణి గారూ ఆడారు. వారూ తలుపు మూశారు. పడవ గట్టెక్కింది, అందరం చప్పట్లు కొట్టాం. వారు నవ్వలేదు.

"లోపలున్నోళ్ల పేర్లేంది బిడ్డా?"

"పేర్లెక్కడియి మేడమ్? ఏడు, ఎనిమిది, పన్నెండు. బొమ్మలే గదా!"

"మేం గూడ నంబర్లే రాసుకున్నం."

గేమ్యా సంగతి మాకు చెప్పింది అప్పుడే. అయినా కార్తీక్ మొండికేశాడు.

"నెల దినాలల్ల ఆట ఇయ్యాలె మేడమ్. ఇప్పుడు అందరికీ పేర్లు పెట్టి తొట్టెల పండుగ జేయాల్నా?"

"జెయ్యి. పాయసం నేను దెస్త."

ఆటలో బిళ్లల పలక వచ్చింది. పడవ నీటి అడుగుకు బయలుదేరే ముందు ప్రతి నావికుడికీ ఆటగాడే స్వయంగా బిళ్ల అందించాలి. ప్రతివాడికీ ఒక పేరు, ఇంకొకరు చేయని ఒక పని. మనిషి పోతే అతని మేకు ఖాళీగానే మిగులుతుంది, అతని పనీ ఖాళీ. మరుసటి వారం ఆడిన మన ఆఫీసు రోజా తలుపు మూయబోయి ఆగింది.

"ఆగుండ్రి! ఫకీరా లోపలున్నడు. ఆయన లేకుంటే చాయ్ ఎవలు పెడ్తరు, మీ తాతనా?"

గదంతా నవ్వింది. ఉషారాణి గారు మాత్రం కొంగుతో కళ్లద్దాలు తుడుచుకున్నారు. తరువాత మన ఆఫీసు గోడకూ అలాంటి పలక ఒకటి వెలసింది.

2025 సెప్టెంబరు 30న వారు పదవీ విరమణ చేస్తున్నారు. సభకు రమ్మని ఫోన్ చేస్తే, కోదాడలో ఉంటున్న గేమ్యా గారు ఇలా అన్నారు.

"వస్త సారూ. ఈసారి ఆమె బయటికొచ్చేదాక నేను గేటుకాడ నిలబడ్త."

ఉషారాణి గారూ, ఆ సాయంత్రం మీ బిళ్లను తిరిగి తగిలించవద్దని మా అందరి మనవి. దాన్ని ఇంటికి తీసుకువెళ్లండి. ఆయురారోగ్యాలతో, మనవళ్ల అల్లరితో నిండు నూరేళ్లు చల్లగా ఉండండి. ఇక్కడ మీ మేకు ఖాళీగానే ఉంటుంది.