మిగిలిన ద్రాక్షరసం

ఇంగ్లండులో ఓ పల్లెటూరి చర్చి. ఆదివారం ఆరాధన ముగిసింది. వెనక గదిలో తెల్లంగీ విప్పుతున్న పాదిరి తమ్ముణ్ణి, లండన్ నుంచి వచ్చిన డాక్టరన్న ఎగాదిగా చూశాడు. తమ్ముడి నోటి నుంచి తాగిన వాసన తగిలి, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు.

"ప్రభు భోజనానికి ఎంతమంది వచ్చార్రా?"

"నలుగురు ముసలమ్మలు, అన్నయ్యా."

"నలుగురికీ అంత పెద్ద గిన్నె నిండా ద్రాక్షరసం పోశావా?"

"దీవించిన ద్రాక్షరసం పారబొయ్యకూడదు. మిగిలింది పాదిరే తాగాలి. అది మా నియమం."

"అందుకని మిగిలేట్టు పోస్తున్నావన్నమాట. చెయ్యి చూసుకో, ఎలా వణుకుతోందో. మన హార్విక్ వంశంలో మూడు తరాల డాక్టర్ల పరువు తీశావు. మర్యాదగా ఈ కొలువు మానెయ్. నాన్న ఉంటే నీ మొహాన ఉమ్మేసేవాడు."

"ఆపరేషన్ గదిలోకి వెళ్ళబోయే ముందు నాన్నకి బ్రాందీ పోసిచ్చింది నువ్వు కాదూ?"

అన్న గబుక్కున తలుపు మూశాడు.

"నెమ్మదిగా మాట్లాడు."

"అప్పట్లో నాన్న ఆస్పత్రికి పాదిరిని నేనే కదా అన్నయ్యా. వణికే చేత్తో ఆయన కోసినవాళ్ళని మట్టిలో పెట్టి, ప్రార్థన చదివింది నేనే. నా చెయ్యి వణికితే తడిసేది ప్రభువు బల్ల మీది గుడ్డొక్కటే."